ప్రశ్న పుట్టిన మట్టిలోనే పరిశోధన

జగిత్యాల పట్టణానికి దగ్గర్లోని పొలాసలో ఒక వరి మడి ఉంది. 2000 సంవత్సరంలో ప్రయోగం మొదలైన నాటి నుంచి ఆ మడిలో గుప్పెడు యూరియా పడలేదు, తట్టెడు పెంటఎరువు పడలేదు. ఏటా రెండు పంటలు నాటుతారు, కోస్తారు, తూకం వేస్తారు, మట్టి తీసి పరీక్ష చేస్తారు. పక్క మడికి నత్రజని ఒక్కటే ఇస్తారు. ఇంకో మడికి నత్రజనితోపాటు భాస్వరం. మరో మడికి పొటాష్ కూడా కలిపి పూర్తి మోతాదు. ఒకచోట ఆ మోతాదులో సగం, ఒకచోట ఒకటిన్నర రెట్లు, ఒకచోట పూర్తి ఎరువులకు తోడు పశువుల ఎరువు, ఇంకోచోట పశువుల ఎరువు మాత్రమే. ఒక ముక్కలో పంటే వేయకుండా బీడు వదిలేశారు.

గట్టు మీద నిలబడి చూస్తే తేడా కంటికే తెలిసిపోతుంది. ఎరువు ఎరుగని మడిలో దుబ్బులు పలచగా, పైరు పసుపు వర్ణంలో ఉంటాయి. పశువుల ఎరువు కలిసిన మడిలో పైరు నిండుగా లేస్తుంది. ఇంతమాత్రానికి పరిశోధన ఎందుకని అనిపించవచ్చు. కంటికి కనిపించనిది మట్టిలో జరుగుతుంది. అది ఒక పంటలో, రెండు పంటల్లో తేలదు.

దీన్ని దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం అంటారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970లో దేశంలో వేర్వేరు నేలల మీద, వేర్వేరు పంటల మీద ఈ పథకం ప్రారంభించింది. వరి తర్వాత మళ్లీ వరి వేసే పద్ధతికి జగిత్యాల కేంద్రం సాక్ష్యం చెబుతుంది. ప్రపంచంలో ఈ కోవకు పెద్దన్న ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్. అక్కడ 1843లో మొదలుపెట్టిన గోధుమ చేను ఇప్పటికీ సాగుతూనే ఉంది. మొదలుపెట్టిన మనుషులు పోయారు, ప్రభుత్వాలు మారాయి, రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చిపోయాయి. ఆ చేను లెక్క మాత్రం ఆగలేదు.

ఇలాంటి పని ఇంకెవరు చేస్తారు? ఎకరం పొలాన్ని పాతికేళ్లు ఆకలితో మాడ్చే స్తోమత ఏ రైతుకూ ఉండదు. ఎరువు వేయకపోతే ఏమవుతుందో చూడటానికి ఏ ఎరువుల కంపెనీ డబ్బు పెట్టదు. ప్రజల సొమ్ముతో నడిచే పరిశోధన స్థానమే చేయాలి. అదీ ఆ ప్రాంతపు నేల మీద, ఆ ప్రాంతపు నీటితో చేయాలి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పరిశోధన స్థానాల చరిత్ర చూసినవారికి ఈ సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

దేశమంతటా ఈ ప్రయోగాలు చెప్పిన మాట ఒకటుంది. నత్రజని ఒక్కటే వేసుకుంటూ పోతే మొదట్లో పైరు పచ్చగా నవనవలాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నేలలోని భాస్వరం, పొటాష్, సూక్ష్మపోషకాలు తరిగి దిగుబడి జారిపోతుంది. రసాయన ఎరువులకు పశువుల ఎరువు తోడైన మడులు దిగుబడిని నిలబెట్టుకుంటాయి, నేలలో సేంద్రియ కర్బనం కూడా పెరుగుతుంది. 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా బస్తాల కోసం తెల్లవారకముందే బారులు తీరారు. కొన్నిచోట్ల చెప్పులను వరుసలో పెట్టి కూర్చున్నారు. వేళకు బస్తా అందకపోవడం ఆ రైతుల తప్పు కాదు. అయితే యూరియా చుట్టూనే సేద్యం తిరిగితే నేలకు ఏమవుతుందో పొలాస మడులు అంతకుముందు నుంచే లెక్కగట్టి పెట్టాయి. ఆ లెక్క ప్రతి ఊరికీ చేరి ఉండాల్సింది.

గడ్డి సంగతీ అంతే. కరీంనగర్ ప్రాంతంలో కోత మిషన్లు వచ్చాక పొలంలో మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం అలవాటైంది. వరి మొక్క తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాక గడ్డిలోనే ఉంటుంది. గడ్డిని కాలిస్తే సేంద్రియ పదార్థం, నత్రజని, గంధకం పొగలో కలిసిపోతాయి. ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, కొయ్యకాళ్లను నేలలో కలియదున్నితే అవి తొందరగా చివికి ఎరువవుతాయని శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. అగ్గిపెట్టెతో పోలిస్తే ఇది ఖర్చు, శ్రమ. అందుకే ఒకసారి చెప్పి ఊరుకుంటే పని జరగదు.

పొలాసకు పాత చరిత్ర ఉంది. కాకతీయుల కాలంలో పొలవాసగా, మేడరాజు ఏలిన రాజ్యంగా శాసనాలకెక్కిన ఊరది. కొత్త చరిత్ర 1983లో మొదలైంది. అంతకు నాలుగేళ్ల ముందు, 1979లో, ప్రపంచ బ్యాంకు సాయంతో జాతీయ వ్యవసాయ పరిశోధన పథకం వచ్చింది. వాన, నేల, పంటల తీరును బట్టి రాష్ట్రాలను మండలాలుగా విడదీసి, ఒక్కో మండలానికి ఒక్కో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పెట్టాలన్నది దాని ఉద్దేశం. హైదరాబాద్‌లో కూర్చుని రాష్ట్రమంతటికీ ఒకే సిఫారసు ఇస్తే కుదరదని అప్పటికి బోధపడింది. అట్లా ఉత్తర తెలంగాణ మండలానికి, అంటే నాటి కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాలకు, పొలాస కేంద్రమైంది. దాని చుట్టూ కరీంనగర్‌లో మొక్కజొన్న, ఆదిలాబాద్‌లో పత్తి, సోయా, ముధోల్‌లో పత్తి, కూనారంలో వరి పరిశోధన స్థానాలు పనిచేస్తున్నాయి. 2016లో జిల్లాలు విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల పేర్లు వచ్చినా నేలలు మాత్రం పాతవే. కరీంనగర్ వైపు చల్క, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి.

ప్రాంతంలోనే కేంద్రం ఎందుకుండాలో ఉల్లికోడు కథ చెబుతుంది.

ఉల్లికోడు దోమంత ఈగ. రాత్రిపూట వరి మొక్క మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు పాకుకుంటూ మొక్క మొదట్లో చిగురు పుట్టే చోటికి చేరి అక్కడ తింటుంది. దాంతో పిలక ఆకు వేయకుండా ఉల్లికాడలాంటి తెల్లటి గొట్టమై లేస్తుంది. ఆ పిలకకు ఇక వెన్ను రాదు. వానలు ఆలస్యమై నాట్లు వెనకబడిన ఏడాది తెలంగాణలో ఇది మడులకు మడులనే ఊడ్చేస్తుంది. పైగా ఈ పురుగు అన్నిచోట్లా ఒకే తీరుది కాదు. చూడటానికి ఒకలాగే ఉంటుంది గాని, ఒక ప్రాంతంలో దాన్ని తట్టుకున్న వరి ఇంకో ప్రాంతంలో లొంగిపోతుంది. ఇలాంటి తీరులను శాస్త్రవేత్తలు బయోటైపులు అంటారు. జగిత్యాలలో ఉన్నది మూడో బయోటైపు. వరంగల్‌లో ఉన్నది వేరు, శ్రీకాకుళంలో ఉన్నది వేరు. కోస్తాలో పరీక్షించి ‘ఉల్లికోడును తట్టుకుంటుంది’ అని ముద్ర వేసిన విత్తనం మానేరు ఆయకట్టులో నిలుస్తుందన్న భరోసా లేదు. జగిత్యాల పురుగుకు జగిత్యాలలోనే పరీక్ష పెట్టాలి. అందుకోసం కావాలనే నాట్లు ఆలస్యం చేసి, పురుగును రానిచ్చి, వందలాది వరుసల్లో ఏ వరుస నిలబడిందో చూస్తారు. రైతు భయపడే పరిస్థితిని శాస్త్రవేత్త తన పొలంలోకి తానే పిలుచుకుంటాడు.

అదే సమయంలో ఇంకో చిక్కు. జనానికి సన్నబియ్యం కావాలి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, బీపీటీ 5204, అన్నం రుచిలో రాణి. కాని దాదాపు ఐదు నెలల పంట, ఉల్లికోడుకు ఇట్టే లొంగుతుంది. వరంగల్‌లో పుట్టిన కావ్య రకానికి ఉల్లికోడును తట్టుకునే గుణం ఉంది. ఈ రెండింటినీ పొలాసలో సంకరం చేశారు. తరం తర్వాత తరం ఏరి, పురుగు ముందు నిలబెట్టి, వండి రుచి చూసి, చివరకు నిలిచిన రకమే జేజీఎల్ 1798. రైతులకు అది జగిత్యాల సన్నాలుగా తెలుసు. సాంబ మసూరికన్నా మూడు వారాలకు పైగా ముందే కోతకొస్తుంది. ఆ మూడు వారాల నీరు కాలువలోనో బావిలోనో మిగిలినట్టే. బోరు నీటితో యాసంగి వరి పండించే చల్క నేలల్లో అది చిన్న సంగతి కాదు.

సంకరం చేసిన రోజు నుంచి విత్తన సంచి రైతు చేతికి అందే దాకా పదేళ్లకు పైనే పడుతుంది. పరిశోధన స్థానంలో నెగ్గిన రకాన్ని చిరుసంచుల దశకు పంపుతారు. అంటే కొద్దికొద్ది విత్తనం చిన్న సంచుల్లో రైతులకిచ్చి, వాళ్లు వేసే రకం పక్కనే వేయిస్తారు. పరీక్ష పెట్టేది శాస్త్రవేత్త, మార్కులేసేది రైతు. గింజ రాలుతోందా, గాలికి పడిపోతోందా, మిల్లులో నూక ఎంత, అన్నం మెత్తబడుతోందా అని ఆ దశలోనే తేలుతుంది. ఈ గడప దాటలేక ఆగిపోయిన రకాలు ఎన్నో.

దాటినవాటికి ఈ నేల పేర్లే దొరికాయి. పొలాస ప్రభ, మానేరు సోన, కరీంనగర్ సాంబ, జగిత్యాల మసూరి, ప్రాణహిత, బతుకమ్మ. పెద్దపల్లి జిల్లా కూనారం కేంద్రం నుంచి కూనారం సన్నాలు వచ్చింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇవ్వడానికి 33 సన్నరకాల జాబితా ప్రకటించినప్పుడు అందులో జగిత్యాల, కూనారం రకాలు చాలానే ఉన్నాయి. 2025 నుంచి రేషన్ దుకాణంలో సన్నబియ్యం తీసుకుంటున్న కుటుంబాలు పొలాస పేరు విని ఉండకపోవచ్చు. పొలాస పని మాత్రం వాళ్ల కంచాల దాకా వచ్చింది.

వరి గురించి ఇంత చెప్పుకున్నాక నువ్వులను మరవడం న్యాయం కాదు. జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల వైపు యాసంగిలో నువ్వులు వేసే అలవాటుంది. శ్వేత తిల్, హిమ, జగిత్యాల తిల్-1 ఈ కేంద్రం ఇచ్చిన రకాలే. వరికి పెట్టే నీళ్లలో కొద్దిపాటితో పండే పంటకు మంచి విత్తనం తయారు చేయడం కూడా నీటిని కాపాడే పనే.

గోదావరి దాటి ఆదిలాబాద్‌లోకి అడుగుపెడితే ప్రశ్నలు మారిపోతాయి. అక్కడ పత్తి రాజ్యం. 2002లో దేశంలోకి బీటీ పత్తి వచ్చాక కాయతొలిచే పురుగుల బెడద తగ్గినట్టే తగ్గి, కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు ఆ మొక్కలో ఉండే విషానికి అలవాటు పడి తిరిగి వచ్చింది. ఇది కాయ లోపల దాక్కుంటుంది. పైకి చేను కళకళలాడుతూనే ఉంటుంది, ఏరేటప్పుడు గాని గుడ్డిపత్తి బయటపడదు. అప్పటికి మందు కొట్టి లాభం లేదు.

కాబట్టి ముందే పట్టుకోవాలి. ఆదిలాబాద్ శాస్త్రవేత్తలు, కృషి విజ్ఞాన కేంద్రం వారు చేలల్లో చూపేది ఇదే. ఎకరాకు నాలుగు నుంచి ఎనిమిది లింగాకర్షక బుట్టలు కట్టాలి. ఒక్కో బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే ప్రమాదం మొదలైనట్టు. పూత దశలో రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డిపూలు కనిపిస్తే తుంచి నాశనం చేయాలి. చేనంతా తిరిగి ఇరవై పచ్చికాయలు కోసి, పగలగొట్టి చూడాలి. రెండింటిలో పురుగుంటే మందు కొట్టాల్సిన సమయం వచ్చిందన్నమాట. క్యాలెండర్ చూసి కొట్టే నాలుగైదు మందుల స్థానంలో కాయ పగలగొట్టి చూసి కొట్టే ఒకటి రెండు సరిపోతాయి. డబ్బు మిగులుతుంది, మిత్ర పురుగులు బతుకుతాయి, వాగులో కలిసే విషం తగ్గుతుంది.

ఈ పని ఒక్కడు చేస్తే సగమే ఫలితం. ఊరంతా డిసెంబరు, జనవరి కల్లా పంట ముగించి పత్తికట్టెను తీసేస్తేనే పురుగుకు తిండి దొరకదు. నీరుందని ఒకరు మార్చి దాకా పంట ఉంచితే ఆ చేను వచ్చే ఏడాదికి ఊరందరికీ పురుగును దాచిపెడుతుంది. జిన్నింగ్ మిల్లుల్లోని పత్తిగింజల్లోనూ అది నిద్రాణంగా ఉంటుంది గనుక మిల్లుల దగ్గర కూడా బుట్టలు కట్టమంటారు. పురుగు జీవితచక్రం ప్రయోగశాలలో తెలుస్తుంది. దాన్ని తెంచడానికి మాత్రం ఊరి కట్టుబాటు కావాలి. విస్తరణ అన్న మాటకు ఆదిలాబాద్ చేలల్లో ఇదీ అర్థం.

సోయాచిక్కుడు విషయంలో ఇంకా చిన్న పాఠం ఎక్కువ మేలు చేసింది. సోయా గింజ పొర పలచన. బస్తా ఎత్తి విసిరినా లోపలి మొలక దెబ్బతింటుంది, మొలకశాతం ఇట్టే పడిపోతుంది. తడిపిన గోనెసంచి మీద నూరు గింజలు పేర్చి, చుట్టి నీడన పెట్టి, నాలుగైదు రోజులకు విప్పి లెక్కపెడితే డెబ్బైకి తగ్గకుండా మొలవాలి. నేల బాగా తడిసేలా 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తాలి. ఆ మొలక పరీక్ష రెండుసార్లు విత్తనం కొనే బాధ తప్పిస్తుంది. దానికి కావలసిందల్లా ఇంట్లో ఉండే గోనెసంచి.

ఆదిలాబాద్ ప్రాంతంలో సగటున వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. అయినా వానకూ వానకూ మధ్య పదిహేను, ఇరవై రోజులు ఎండితే తేలికపాటి నేలల్లో పత్తి వాలిపోతుంది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, గుడిహత్నూర్ మండలం సీతాగొంది సమూహంలోని గిరిజన గూడేల్లో జాతీయ పథకం కింద పనిచేసినప్పుడు ఈ సమస్యనే చేతపట్టింది. చేలల్లో కుంటలు తవ్వించి, పారిపోయే వాననీటిని ఆపి, బెట్ట వచ్చినప్పుడు ఒకటి రెండు తడులు ఇచ్చేలా చూసింది. గోండు, కొలాం రైతుల చేలల్లో, వాళ్ల పంటల మీదే ఆ పరీక్ష జరగడం దాని బలం. పరిశోధన స్థానం ప్రహరీ లోపల అన్నీ అమరి ఉంటాయి. గూడెంలో కరెంటు, మోటారు, దారి, అప్పు అన్నీ ప్రశ్నలే. వాటి మధ్య నిలిచిన కుంటే నిజమైన కుంట.

వాతావరణం విషయంలోనూ ఈ కేంద్రాల సేవ ఉంది. జగిత్యాల, ఆదిలాబాద్ కేంద్రాల్లో వాతావరణ విభాగాలు ఉన్నాయి. వాన కొలత, గాలి వేగం, నీరు ఆవిరయ్యే లెక్క ఏ రోజుకారోజు నమోదు చేస్తారు. భారత వాతావరణ శాఖ అంచనాను ఆ ప్రాంత పంటకు అన్వయించి మంగళ, శుక్రవారాల్లో తెలుగులో సూచనలు విడుదల చేస్తారు. ఎల్లుండి వాన ఉందంటే ఇవాళ యూరియా చల్లవద్దని, మందు కొట్టవద్దని చెప్పడం ఒక వాక్యమే గాని ఎకరాకు మిగిల్చేది వందల రూపాయలు.

మరి ఇదంతా రైతుకు చేరుతోందా? ఇక్కడే మనసు కలుక్కుమంటుంది. చేర్చే మార్గాలకు కొదవ లేదు. 1974లో పుదుచ్చేరిలో మొదటిది పుట్టిన కృషి విజ్ఞాన కేంద్రాలు దేశంలో ఇప్పుడు 700 దాటాయి. జమ్మికుంట, రామగిరిఖిల్లా, ఆదిలాబాద్, బెల్లంపల్లిలో అవి పనిచేస్తున్నాయి. జిల్లాల్లో ఏరువాక కేంద్రాలున్నాయి. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి భాషలోనూ కార్యక్రమాలు వినిపిస్తుంది. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2025 మే, జూన్ నెలల్లో ‘రైతు ముంగిట్లో శాస్త్రవేత్తలు’ పేరిట ఊళ్లకే వెళ్లి యూరియా తగ్గించడం, నీటిని పొదుపుగా వాడటం, విత్తనం కొన్న రసీదు దాచుకోవడం లాంటివి చెప్పింది. ఏటా పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశంలో అధికారులు, రైతులు చేల సమస్యలను శాస్త్రవేత్తల ముందు పెడతారు.

అయినా పురుగు కనిపించిన రోజు రైతు ముందుగా వెళ్లేది మందుల దుకాణానికే. అది ఊళ్లోనే ఉంటుంది, అప్పు ఇస్తుంది, పొద్దుపోయినా తలుపు తీస్తుంది. అనుమతి లేని కలుపుమందు తట్టుకునే పత్తి విత్తనం ‘బీజీ-3’ పేరుతో ఆదిలాబాద్ పల్లెల్లోకి చేరిందీ చేతులు మారే ఇలాంటి దారుల్లోనే. మందు అమ్మేవాడే సలహా చెప్పే చోట, అమ్మడానికి ఏమీ లేని మనిషి ఒకడు ఊరికి అందుబాటులో ఉండటం ఎంతో అవసరం. ఆ మనిషే పరిశోధన స్థానంలోని శాస్త్రవేత్త. ఖాళీలు నింపకుండా, ఒక్కరికే నాలుగు బాధ్యతలు అప్పగించి ఆయన ఊళ్లకు రావడం లేదని నిందించడం సరికాదు. పాతికేళ్ల ప్రయోగానికి పాతికేళ్ల పాటు మనుషులు కావాలి, ఏటా నిధులు కావాలి. ఒక్క సీజన్ తూకం తప్పినా ఆ గొలుసు తెగుతుంది. ప్రభుత్వం ఏదైనా ఈ ఖర్చును కోతపెట్టే పద్దుల్లో చేర్చకూడదు.

రైతు వైపు నుంచీ ఒక అడుగు పడాలి. యాసంగి కోత అయ్యాక, వానాకాలం దుక్కికి ముందు, ఏప్రిల్, మే నెలల్లో మట్టి నమూనా తీయడానికి తగిన సమయం ఉంటుంది. ఎకరంలో పది, పదిహేను చోట్ల పైచెత్త తొలగించి, జానెడు లోతు వరకు ఇంగ్లిష్ ‘వి’ ఆకారంలో గుంట తీసి, పక్కల నుంచి పైనుంచి కిందికి ఒకే మందంలో మట్టి గీకాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప వేసిన చోట తీయవద్దు. అంతా గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచి మిగతావి పారేయాలి. అరకిలో మిగిలే వరకు అలాగే చేసి, నీడన ఆరబెట్టి, పేరు, ఊరు, సర్వే నంబరు, వేయబోయే పంట రాసిన చీటీ పెట్టి దగ్గర్లోని వ్యవసాయ అధికారికో, కృషి విజ్ఞాన కేంద్రానికో ఇవ్వండి. ఫలితం వచ్చాక ఎరువుల దుకాణానికి వెళ్లే ముందే శాస్త్రవేత్తతో చదివించుకోండి. పొలాసలో మే నెలలో జరిగే విత్తన మేళాకు వెళ్లినప్పుడు ఉత్త విత్తన సంచితోనే తిరిగి రాకండి, ఆ ఎరువుల మడుల దగ్గరికి కూడా ఒకసారి తీసుకెళ్లమని అడగండి. అవి మీ సొమ్ముతో నడుస్తున్న మడులు.